మా చెలకకు రెండేళ్ల సెలవు

మా ఊరి చాయ్ మీద నాకొక చిన్న ఫిర్యాదు ఉంది. గని గేటు ముందున్న హోటల్లో మొదటి షిఫ్టుకు పొయ్యెక్కిన చాయ్ ఆకు రెండో షిఫ్టు అయ్యేదాకా కిందికి దిగేది కాదు. మధ్యలో నీళ్లు పోసేవారు, పాలు పోసేవారు, చక్కెర పోసేవారు. ఆకును మాత్రం మార్చేవారు కాదు. గనిలో ప్రతి మనిషికీ షిఫ్టు అయిపోగానే ఇంకొకడు వచ్చి విడిపిస్తాడు. ఆ ఆకుకు మాత్రం రిలీవర్ లేడు. మధ్యాహ్నానికి అది తోలు నానబెట్టిన నీళ్ల రంగుకు వచ్చేది. "ఎట్లున్నది సార్ చాయ్?" అని హోటలాయన అభిమానంగా అడిగితే, "వేడిగా ఉంది" అనేవాణ్ణి. అంతకు మించిన నిజం నా దగ్గర లేదు.

ఈ ఫిర్యాదు చేసే అర్హత నాకుందని నా నమ్మకం. డెబ్బైల మొదట్లో, వ్యవసాయంలో డిగ్రీ చేతికి రాగానే, నీలగిరి కొండల్లో ఒక తేయాకు తోటలో తాత్కాలిక ఉద్యోగం చేశాను. గోదావరిఖని నుంచి ఒకడు టీ తోటకు పోవడం మా క్వార్టర్ల లైనులో చిన్న విషయం కాదు. అందరూ సాగనంపడానికి వచ్చారు. అందరూ చాయ్‌పత్తా పంపమన్నారు.

అక్కడ నేను నేర్చుకున్నది టీ పెంచడం కాదు. టీ చెట్లను పీకేశాక ఏం చెయ్యాలన్నది. తోటలో ఒక వాలు మీద చెట్లు బాగా ముసలివైపోయాయి. వాటిని వేర్లతో సహా పీకించారు. వచ్చే వానలకు కొత్త మొక్కలు పెడతారని నేను గుంటలకు కొలతలు కూడా వేసి పెట్టాను. తోట పెద్దాయన, కొండల్లోనే జుట్టు నెరిసిన మనిషి, నా కొలతలు చూసి జాలిపడ్డాడు. రెండేళ్ల దాకా ఇక్కడ టీ లేదన్నాడు. మనిషంత ఎత్తు పెరిగే ఒక రకం గడ్డిని నాటించాడు. పెరిగిన గడ్డిని కోయించి అక్కడే పరిపించేవాడు. మళ్లీ పెరిగేది, మళ్లీ పరిపించేవాడు. ఒకే చెట్టు ఒకే చోట అన్నేళ్లు నిలబడితే ఆ చెట్టును తినే బూజులు నేలలో కాపురం పెడతాయని, వాటి ఇరుగుపొరుగు మంచివాళ్లు ఒక్కొక్కరే ఇల్లు ఖాళీ చేస్తారని, నేల పులిసిపోతుందని చెప్పాడు. టీ వేరు దొరక్కపోతే ఆ బూజులు ఆకలికి పోతాయి. గడ్డి వేర్లు కుళ్లి మిగతావాళ్లకు తిండి పెడతాయి. "నేల టీని మరిచిపోవాలి, అప్పుడే టీ పెట్టాలి" అని ఆయన సిద్ధాంతం.

నా పని ఆ నేలను అప్పుడప్పుడు తవ్వి చూడటం. మొదట్లో మట్టి వాసనే రాలేదు. తరవాత తరవాత వానపాములు కనబడ్డాయి, మట్టి పిడికిట్లో పట్టుకుంటే రొట్టె తునకలాగా విరిగేది. కంటికి కనబడని జీవుల కోసం ఒక మైక్రోస్కోపు కూడా ఉండేది. దాని అద్దం మీదే బూజు పట్టి ఉండడం వల్ల ఏది పెట్టి చూసినా అభివృద్ధి కనిపించేది.

ఏడాది గడిచాక నా ఉద్యోగం అయిపోయింది. తాత్కాలికం అన్న మాట మీద వాళ్లు నిలబడ్డారు. ఆ గడ్డి తరవాత వేసిన టీ ఎట్లా వచ్చిందో నేను చూడలేదు.

ఇంటికొచ్చేసరికి బాపు దగ్గు పెరిగింది. నాన్నను మేం బాపు అనేవాళ్లం. గని మొదలైన కొత్తలో, అరవైల్లో, మా ఊరి మగవాళ్లంతా నాగలి వదిలి దిగినట్టే బాపు కూడా దిగాడు. టింబర్‌మన్ పని. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా కర్రలు నిలబెట్టడం, పని అయిపోయాక ఆ కర్రలు తీసేయడం. నిలబెట్టడం ఎవరైనా చేస్తారు. తీయడానికే మనిషి కావాలి. కర్ర తీసి వెనక్కి ఉరికే లోపల కప్పు ఏమంటోందో చెవితో వినాలి. బాపు చెవి మంచిదని పేరు. ఊపిరితిత్తులకే అంత పేరు లేదు. దవాఖానలో డాక్టరు చెప్పేశాడు: వచ్చే పరీక్షలో అన్‌ఫిట్ రాయక తప్పదు. అన్‌ఫిట్ అయితే డ్యూటీ పోతుంది, దానివెంట క్వార్టర్ పోతుంది. నేను ఉద్యోగం అడిగిన ప్రతిచోటా నా చదువును మెచ్చుకుని పంపించారు. సాయంత్రాలు పిల్లలకు లెక్కలు చెప్పి సంపాదించింది కూరగాయలకు సరిపోయేది, అది కూడా చవక కూరగాయలైతే.

ఇక మిగిలింది చెలక. గుట్టల వైపు, క్వార్టర్ల నుంచి నడిచిపోయేంత దూరంలో, తాత ఇచ్చిపోయిన మెట్ట భూమి. బాపు లెక్క అంతా దాని మీదే ఉండేది. బాయి నుంచి బయటపడ్డాక (మా వైపు గనిని బాయి అంటారు) అక్కడ ఒక గుడిసె వేసుకుని, ఆ చెలక పెట్టింది తిని ఉండాలని. ఇంకో లెక్క లేదు.

ఆ చెలకను చూడటానికి వెళ్లాను. మిరప తోట. పొద్దున పచ్చగా నిలబడ్డ మొక్క సాయంత్రానికి తల వేలాడేసి, వారంలో నిలబడ్డచోటే ఎండిపోయేది. పీకి కాండం చీలిస్తే లోపల గోధుమరంగు చారలు. మట్టి వాసన చూశాను. వాసన లేదు. నీలగిరిలో మొదటిరోజు చూసిన మట్టే, రంగు మారి ఇక్కడికొచ్చింది.

తాత కాలంలో ఆ చెలకలో ఒక ఏడు జొన్న, మధ్యలో సాళ్లకు కంది. మరుసటి ఏడు పెసర. ఆ తరవాత నువ్వులు. మధ్యలో ఒక వేసవి గొర్రెల మందను పడుకోబెట్టేవారు. ఎందుకని తాతను అడిగితే కారణం చెప్పేవాడు కాదు, అడిగినవాణ్ణి గొర్రెల వెంట పంపేవాడు. గని వచ్చాక కాలనీ వచ్చింది. కాలనీకి కారం కావాలి. కందులు అమ్ముకోవడానికి మంచిర్యాల దాకా పోవాలి, పచ్చిమిర్చి మాత్రం గేటు దగ్గరే తట్టలకు తట్టలు ఖాళీ. బాపు ఏటేటా మిరపే వేశాడు. అవ్వ, అంటే మా అమ్మ, తట్ట నెత్తిన పెట్టుకుని షిఫ్టు మారే వేళకు గేటు దగ్గర కూర్చునేది.

బాపు తప్పు లెక్క ఏమీ వెయ్యలేదు. బొగ్గుబాయిలో పనిచేసే మనిషి లెక్కే వేశాడు. ఒక పొర దొరికింది. అది ఉన్నన్నాళ్లు తీస్తావు. అయిపోతే ఇంకో పొర. బొగ్గును ఒక ఏడు తవ్వకుండా వదిలితే మళ్లీ పెరగదు కదా. మా కాలనీలో భూమి ఉన్న ప్రతివాడూ తన చెలకను అట్లాగే తవ్వుకుంటున్నాడు, పైనుంచి.

ఒక ఆదివారం గడప దగ్గర కూర్చుని మొదలుపెట్టాను.

"బాపూ, రెండేండ్లు మిర్చి బందు పెడదాం."

బాపు బీడీ ఆర్పాడు. డాక్టరు చెప్పినప్పటి నుంచి సగం తాగి ఆర్పేవాడు, మిగతా సగం తరవాత తాగేవాడు.

"బందు పెట్టి?"

"మొదట జొన్న. చొప్ప అమ్మొద్దు, కొట్టి చెలకలనే పరవాలె. మల్లేడు పెసర, కంది. గప్పుడు నేలల రోగం తిండి లేక సస్తది. మంచి పురుగులు వస్తయి."

"రెండేండ్లు దానికి సెలవా?"

"సెలవు గాదు, పని మార్సుడు."

పక్క క్వార్టర్ నుంచి భాయ్ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. బాపుతో పాటు అదే గనిలో హాలేజీ నడిపేవాడు, అంటే బొగ్గు తొట్లను ఇనుపతాడుతో పైకి లాగే యంత్రం. ఇంట్లో ఉర్దూ, బయట మా అందరికంటే చిక్కటి తెలుగు. నన్ను మట్టి డాక్టర్ అనేవాడు.

"ఏమంటుండు మట్టి డాక్టర్ సాబ్?"

"భూమికి గూడ ప్లేడే కావాల్నట" అన్నాడు బాపు.

ప్లేడే అంటే వారానికోసారి గనికి సెలవు. పేరుకే సెలవు. ఆ రోజు డ్యూటీకి పోతే రెండింతల జీతం కాబట్టి బాపు ఏనాడూ ఇంట్లో ఉన్నది లేదు. ఈ ఆదివారం ఉన్నాడంటే దగ్గుతో లేవలేకనే.

భాయ్ నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. "అరె బేటా, మీ బాపు ఎన్నడన్న ప్లేడే ఇంట్ల పన్నడా? గసోంటాయన భూమికి రెస్ట్ ఇస్తడా? పాపం ఆ భూమికి గూడ డబుల్ పేమెంట్ ఇస్తనని ఆశ పెడుతుండొచ్చు."

"నీకు నవ్వుడైంది భాయ్" అంది అవ్వ లోపలి నుంచి. "మిర్చి లేకపోతే నేను గేటు కాడ ఏం పెట్టుకొని కూసోవాలె? మట్టా?"

బాపు ఆర్పిన సగం బీడీని మళ్లీ ముట్టించాడు. దగ్గు వచ్చింది, తగ్గింది. తరవాత, "ఎట్లాగు మిర్చి సస్తనే ఉన్నది. డాక్టర్ గూడ పరీక్ష దాంక ఏడాదిన్నర డ్యూటీ గుంజొచ్చన్నడు. జొన్నలే ఎయ్యి" అన్నాడు. నా వాదన బలం ఎంతో తెలియదు గానీ, చచ్చిపోతున్న మొక్కలు నాకు బాగా సహకరించాయి.

మొదటి వానాకాలం జొన్న వేశాం. పంట గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఏమీ లేదు. పిట్టలు తమ వాటా తీసుకుని మాకు కొంత వదిలాయి. చొప్పను ముక్కలు కొట్టి చెలకలోనే పరుస్తుంటే దారిన పోయేవాళ్లు ఆగి చూసేవారు. బర్రె ఉన్న మనిషి ఎవరూ ఆ దృశ్యాన్ని సహించలేకపోయారు. "చదువుకున్న పోరడు మట్టికి మేత ఏస్తుండు" అని ఒకాయన అన్నాడు. ఆయన వెటకారంగా అన్నాడు గానీ, నేను కాలేజీలో రాసిన జవాబుల కంటే అదే సరిగ్గా ఉంది.

ఆ ఏడాది అవ్వ గేటు దగ్గర కూర్చోలేదు. ఇంట్లో కారం కొనుక్కున్నాం.

మరుసటి వానాకాలానికి పెసర. పెసర వేరుకు చిన్న బుడిపెలు కడతాయి. వాటిలో ఒక జాతి సూక్ష్మజీవులు కాపురం ఉండి గాలిలోంచి నత్రజని తీసి మొక్కకిస్తాయి; అద్దె కింద మొక్క వాటికి చక్కెర ఇస్తుంది. అన్నేళ్ల మిరప తరవాత మా నేలలో అవి మిగిలి ఉంటాయన్న నమ్మకం నాకు లేదు. అందుకని పట్నం పోయి రెండు పొట్లాలు తెచ్చాను. ఆ జీవుల్ని మెత్తటి నల్లటి పొడిలో కలిపి అమ్ముతారు. బెల్లం నీళ్లలో ఆ పొడి కలిపి విత్తనాలకు పట్టించి, నీడలో ఆరబెట్టి విత్తుకోవాలి.

పొట్లం విప్పి చూపించాను. బాపు వేలితో ముట్టుకుని, రెండు వేళ్ల మధ్య రుద్ది, వెలుతురుకు పెట్టి చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. రోజూ చూసే వస్తువును చూసే చూపు.

"ఇది బొగ్గు గదరా."

"బొగ్గుపొడి లాంటిదే. గిండ్ల పురుగులుంటయి. కంటికి కనబడయి. కోట్లల్ల ఉంటయి."

"కోట్లల్ల ఉంటే ఒక్కటన్న ఉరుకాలె గద?"

భాయ్ వచ్చి తొంగిచూశాడు. "వారెవ్వా! గోదావరిఖనికి బొగ్గు కొనుక్కొచ్చిన మొదటి మనిషివి నువ్వే బేటా. మేమేమో పానం పెట్టి తీసి బయటికి తోలుతున్నం. నువ్వు బస్సు టిక్కెట్ పెట్టి ఎనుకకు తెస్తున్నవ్."

ఆ మాట భాయ్ కనీసం వారం రోజులు గని లోపలా బయటా ప్రచారం చేశాడు. నన్ను చూసి తెలియనివాళ్లు కూడా పలకరించడం మొదలుపెట్టారు.

రెండు పొట్లాలనూ అటక కింద చల్లగా ఉండే మూలన పెట్టి, దుక్కి సిద్ధం చేయడానికి చెలకకు వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఒకటే ఉంది. అవ్వ పెరట్లో కూర్చుని ముద్దలు చేస్తోంది. మా కాలనీలో ప్రతి ఇంట్లోనూ బొగ్గుపొడి, పేడ, మట్టి కలిపి ముద్దలు చేసి గోడ పొడవునా ఆరబెడతారు, పొయ్యిలోకి. ఇంట్లో ఎక్కడ నల్లపొడి కనబడ్డా దాని గమ్యం అదే. ఇంకేదైనా అయి ఉంటుందని అనుమానించడానికి అవ్వకు కారణం లేదు.

"అవ్వా, ఆడ పొట్లం ఉండాలె."

"నీదేనా? మస్తు మెత్తగున్నది బిడ్డా. జల్లెడ పట్టే పనే పడలే. ఇంకింత తేకపోతివి."

ఆ ముద్దలు ఆరాక మా అన్నం కొన్ని కోట్ల ప్రాణాల మీద ఉడికింది. రుచిలో తేడా తెలియలేదు.

మిగిలిన పొట్లం సగం చెలకకే సరిపోయింది. తూర్పు సగానికి పట్టించిన విత్తనం, పడమటి సగానికి మామూలు విత్తనం వేశాం. కాలేజీలో ఇట్లాంటి ఏర్పాటుకు పెద్ద పేరుండేది, దానికొక ప్రొఫెసర్ కూడా ఉండేవాడు. మా ఇంట్లో దాన్ని అవ్వ పొయ్యి ముందు కూర్చుని చేసేసింది.

పెసర పూతకు వచ్చేముందు రెండు వైపుల నుంచీ చెరో మొక్క తవ్వి తీసి, నీళ్లలో జాడించి బాపు ముందు పెట్టాను. పడమటి మొక్క వేరుకు అక్కడక్కడ ఒకటీ అరా బుడిపె. తూర్పుది వేరంతా ముత్యాలు గుచ్చినట్టుంది. ఒక బుడిపెను గోరుతో చిదిమాను. లోపల లేత ఎరుపు.

"రోగమా?" అన్నాడు బాపు.

"గాదు. అవి బతికి పనిచేస్తున్నయని గుర్తు. ఎర్రగ లేకపోతేనే రోగం."

బాపు ఇంకోటి చిదిమాడు. వేలికి అంటిన ఎరుపును చూసి, ఈ మధ్య తన దగ్గులో కూడా అట్లాంటి రంగు కనబడుతోందని చెప్పాడు. తనకు కూడా గుర్తు మంచిదేనా అని అడిగాడు. నవ్వుతూనే అడిగాడు. నేను కూడా నవ్వాను.

ఆ సాయంత్రం మట్టి పిడికిట పట్టి వాసన చూశాం ఇద్దరం. వాన పడి వెలిసినప్పటి వాసన, వాన లేకుండానే. వానపాము ఒకటి బయటికొచ్చి, మమ్మల్ని చూసి, లోపలికి వెళ్లిపోయింది. గట్టు మీద కూర్చుని బాపు గుడిసె ఎక్కడ వేయాలో చూపించాడు. పొయ్యి ఏ దిక్కుకు ఉండాలో, వచ్చే ఏడు మిర్చి ఒక మూలన మాత్రమే వేసి, దాన్ని ఏటేటా ఎట్లా జరపాలో. ఒక మనిషి తన చెలక గురించి అంతసేపు మాట్లాడటం నేను అదే మొదటిసారి విన్నాను. అంతకు ముందు కర్రల గురించే మాట్లాడేవాడు.

అప్పటికి గనిలో బాపును కొత్తచోటికి మార్చారు. బొగ్గు తీసేటప్పుడు పైకప్పును మోయడానికి అక్కడక్కడ బొగ్గు స్తంభాలను వదులుతారు. చివరికి ఆ స్తంభాలను కూడా తీసుకుంటూ వెనక్కి వస్తారు. తీసేసిన చోట బాపులాంటివాళ్లు కర్రలు లాగేస్తారు, కప్పు కూలుతుంది. కూలాలి కూడా. అదే పద్ధతి. భూమి లోపల నడిచేవాడికి పైన ఏముందో తెలియదు. పైన గుట్టలున్నా, బడి ఉన్నా, ఎవరి పెళ్లి జరుగుతున్నా కింద ఒకటే చీకటి.

పెసర కాయ పట్టే రోజుల్లో మా గట్టు మీద ఎర్రగుడ్డ కట్టిన చిన్న కర్రలు కనబడ్డాయి. మూడుకాళ్ల దుర్భిణీతో ఒక సర్వేయర్ నిలబడి ఉన్నాడు. కృష్ణా జిల్లా మాట. చాలా మర్యాదస్తుడు.

"పెసర భలే ఉందండీ" అన్నాడు. "ఏం వేశారు?"

చెప్పాను. శ్రద్ధగా విన్నాడు. తరవాత, "మీకు కబురు అందే ఉంటుందండీ. ఈ కింద పిల్లర్లు తీస్తున్నారు. కాస్త కుంగుతుంది" అన్నాడు.

"కాస్త అంటే?"

"అది మనం చెప్పలేమండీ. చోటును బట్టి. పగుళ్లు కూడా రావచ్చు. పశువుల్ని తోలకండి." దుర్భిణీలో మళ్లీ చూసి, "పంటకు కట్టిస్తారండీ, భూమికీ కట్టిస్తారు" అని ధైర్యం చెప్పాడు.

కట్టిస్తారు, నిజమే. పెసరకు ఒక ధర ఉంది, మెట్ట భూమికి ఒక ధర ఉంది. కాలనీ చుట్టుపక్కల భూముల రేట్లు పెరిగిపోయాక ఆ ధరకు గుడిసె జాగా వస్తుంది, దాని చుట్టూ చెలక రాదు. నేలలోపల కాపురమున్నవాళ్లకు ఏ ధరా లేదు. వాళ్లు లెక్కలోకి రారు.

ఆ పిల్లర్లు గనిలో ఏ చోటివన్నది భాయ్ తెలుసుకొచ్చాడు. తాడు ఎంత పొడవు పోతోందో, ఏ దిక్కుకు పోతోందో అతనికి తెలుసు. సర్వే ఆఫీసులో అడిగి సరిపోల్చుకున్నాడు. వచ్చి అరుగు మీద కూర్చుని చాలాసేపు జోకేమీ వేయలేదు. అట్లా చూడటం మాకు అలవాటు లేదు.

"అన్నా, మనం పనిచేసే జాగనే. నువ్వు కర్రలు గుంజుతున్నది నీ చెలక కిందనే."

బాపు తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. తుడుచుకున్నచోటే మళ్లీ తుడుచుకున్నాడు.

మరుసటి పొద్దున మామూలుగానే టోపీ, బత్తి పట్టుకుని బయల్దేరుతుంటే అడ్డం నిలబడ్డాను.

"బాపూ, ఇయ్యాల పోకు. ఆ కర్రలు నువ్వే తీసుడేంది?"

"నేను తియ్యకపోతే ఇంకోడు తీస్తడు."

"తియ్యనియ్యి."

"గాళ్లు కొత్త పోరగాండ్లు. ఇనుడు రాదు గాళ్లకు. కర్ర గుంజి ఆడనే నిలవడుతరు. మీద వడ్తది." చెప్పులు వేసుకున్నాడు. "మస్టర్ గూడ పోతది" అన్నాడు, అంటే ఆ రోజు హాజరు, మొదటి కారణం సరిపోదేమోనని.

అట్లా రెండు వారాలు నడిచింది. పొద్దున కింద కర్రలు లాగేవాడు, సాయంత్రం పైన కలుపు తీసేవాడు. కలుపు తీస్తూ మధ్యలో ఆగి నేలకు చెవి ఒగ్గేవాడు. ఏమన్నా వినబడుతోందా అని అడిగితే, ఇంకా లేదనేవాడు. నేను మాత్రం మట్టి తవ్వి చూస్తూనే ఉన్నాను. మట్టి రోజురోజుకూ బాగవుతోంది. ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలియలేదు.

వానలు గట్టిగా పట్టిన వారంలో ఒక సాయంత్రం బాపు షిఫ్టు దిగి ఇంటికి రాకుండా నేరుగా చెలకకు వెళ్లాడు. కప్పు పెద్దగా పడిందని, ఈ చప్పుడు వేరుగా ఉందని భాయ్ వచ్చి చెబితే, నేనూ అవ్వా ఉరికాం. చెలక మధ్యలో పళ్లెంలా దిగిపోయింది. ఒడ్డు వెంట పొడవుగా పగులు, అందులో కాలు కాదు, మనిషే పోతాడు. పై నుంచి వచ్చిన వాననీళ్లన్నీ ఆ పగుల్లోకి జారుకుంటున్నాయి. చప్పుడు చాలా లోతు నుంచి వస్తోంది. బాపు మూలన తవ్వుకున్న చిన్న బావిలో నీళ్లు లేవు. నిన్నటిదాకా చేదకు అందేవి.

పెసర మాత్రం పచ్చగా ఉంది. ఒక్క ఆకు వాడలేదు. కుంగిన నేలతో పాటు వరసలు చెదరకుండా కిందికి దిగి, తాము ఎక్కడున్నదీ తెలియనట్టు నిలబడ్డాయి.

రెండు రోజుల్లో ముళ్లతీగ వేసి, ఎవరూ లోపలికి పోకూడదని బోర్డు పెట్టారు. కాయ లోపలే ఎండి, పగిలి, గింజ రాలింది. ఆ నెలాఖరుకు దవాఖానలో బాపును అన్‌ఫిట్ రాశారు. డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి ఎవరమూ ఆశ్చర్యపోలేదు. క్వార్టర్ ఖాళీ చేయడానికి గడువిచ్చారు.

సామాను కట్టేముందు ముగ్గురం ఒకసారి చెలక దాకా వెళ్లాం. బాపు తీగ పట్టుకుని నిలబడ్డాడు. అవ్వ పక్కన కూలబడి కొంగుతో మెడ తుడుచుకుంటోంది. తీగ పక్కనే, ఒడ్డు మీద, వానకు కొట్టుకొచ్చిన ఒక పెసర మొక్క వేర్లతో సహా పడి ఉంది. తీసి చూశాను. బుడిపెలు ఇంకా గట్టిగానే ఉన్నాయి. ఒకటి చిదిమితే ఎర్రగా ఉంది.

ఎవరో ఒకరు ఏదో ఒకటి మాట్లాడాలి కదా అనిపించింది. మట్టి చెడలేదు, కుంగిందంతే, అన్నాను. నీటి దారి పోయినా నేలలో జీవం ఉంది, పురుగులు బతికే ఉన్నాయి, రాలిన గింజ వచ్చే వానకు దానంతటదే మొలుస్తుంది, ఇంకో రెండేళ్లు ఇట్లాగే వదిలితే ఈ మట్టి తాత నాటి మట్టి కంటే బాగుంటుంది, అని నీలగిరి పెద్దాయన గొంతులో చెప్పుకుంటూ పోయాను. బాపు తీగ అవతలికి చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియదు.

అవ్వ విన్నది. మోకాళ్ల మీద చేతులు పెట్టి లేచి, నా చేతిలోని మొక్కను చూసింది.

"నీ పురుగులకేమైంది, మంచిగనే ఉన్నయంటున్నవ్. మనమేం తినాలె, గది జెప్పు."